ఆఫీసు కాంపౌండ్‌ల ఉన్న పాత చెట్టుకు చరిత్ర ఎట్ల రాయాలె, బోర్డు ఎట్ల పెట్టాలె

మూడేండ్ల కింద మా ఆఫీసు గేటు పక్కన ఉన్న నిద్రగన్నేరు చెట్టుకు "300 సంవత్సరాల చరిత్ర గల మహావృక్షం" అని పచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలు రాయించి పెట్టినం, పెద్ద సారుతోని రిబ్బన్ కూడ కట్ చేయించినం, ఫోటోలు వాట్సాప్ గ్రూపులన్నిట్ల తిరిగినయ్. పది రోజులు కాలేదు, పెన్షన్ పని మీద వచ్చిన ఒక రిటైర్డ్ బాటనీ లెక్చరర్ ఆ బోర్డు ముంగట నిలబడి నవ్వుకుంట, "ఈ చెట్టు జాతి అమెరికా ఖండం దిక్కుది సార్, మన దేశానికి వచ్చిందే 19వ శతాబ్దంల, మరి ఈ 300 ఏండ్లు ఎక్కడికెళ్లి తెచ్చిన్రు" అని అడిగిండు. ఆ బోర్డు మీద మ్యాటర్ రాసింది నేనే. సాయంత్రం అందరు పోయినంక నేను, మా అటెండరన్న కలిసి స్క్రూలు ఇప్పి దాన్ని రికార్డు రూముల బీరువా ఎనుక పెట్టినం, ఇప్పటికీ అక్కడనే ఉన్నది.

ఆ సిగ్గుతోని మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు మా కాంపౌండ్ల 41 చెట్లకు ఒక రిజిస్టరు ఉన్నది, ఆరు చెట్లకు సక్కటి బోర్డులు ఉన్నయ్. హన్మకొండ, కరీంనగర్, నిర్మల్, జగిత్యాల దిక్కు పాత తాసీల్ ఆఫీసులల్ల, కోర్టులల్ల, దవాఖానలల్ల, గెస్ట్ హౌజులల్ల పనిచేసేటోళ్లు ఇద్దరు ముగ్గురు ఎట్ల చేసిన్రని అడిగితే ఫోన్ల చెప్పిన, ప్రతిసారి చెప్పుడు అయితలేదని ఇట్ల రాస్తున్న.

ఇప్పుడే ఎందుకు చేయాలంటే, 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినయ్, ఆ తర్వాత కొత్త సమీకృత కలెక్టరేట్లు కట్టిన్రు, మన హన్మకొండది 2021 జూన్‌ల ఓపెన్ అయింది, అదే ఏడు వరంగల్ సెంట్రల్ జైలు కూడ ఖాళీ అయి ఆ జాగల పెద్ద దవాఖాన పని మొదలైంది. ఆఫీసు మారినప్పుడు ఫైళ్లు డీసీఎం వ్యాన్‌ల ఎక్కుతయ్, కుర్చీలు ఎక్కుతయ్, చెట్టు మాత్రం పాత కాంపౌండ్లనే ఉండిపోతది, దాని సంగతి తెలిసిన వాచ్‌మన్ ఆ లోపు రిటైర్ అయిపోతడు. కొత్తగ బిల్డింగు ప్లాన్ పట్టుకొని వచ్చిన ఇంజినీర్‌కు అది ఒక అడ్డం ఉన్న చెట్టు, అంతే. ఆయన తప్పు గాదు, ఆయన చేతికి కాయితం ఎవలు ఇయ్యలేదు.

ఏ చెట్టును పట్టుకోవాలె

అన్నిటికీ చరిత్ర ఉంటదనుకోవద్దు, కాంపౌండ్ గోడ పొంట వరసగ పెట్టిన నరమామిడి చెట్లకు (అందరు అశోక చెట్టు అనేది ఇదే, అసలు అశోకం వేరు) రిజిస్టర్ల ఒక లైన్ చాలు. ఎవలన్న పెద్దమనిషి వచ్చి నాటింది, ఎవలన్న యాదిల నాటింది, చెట్టు కింద ఏదన్న ఘటన జరిగింది, లేకుంటే బిల్డింగు కంటే ముందు నుంచే ఉన్నది, వీటి మీదనే టైమ్ పెట్టండి.

హైదరాబాద్ ఉస్మానియా దవాఖాన ఆవరణల ఉన్న చింతచెట్టు అన్నిట్ల మంచి ఉదాహరణ. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చినప్పుడు దాని కొమ్మలెక్కి 150 మంది దాక బతికిన్రని చెప్తరు, ఇప్పుడున్న దవాఖాన బిల్డింగు అప్పటికి కట్టనేలేదు, అంటే బిల్డింగు ఆవరణల చెట్టు గాదు, చెట్టు ఆవరణలకే బిల్డింగు వచ్చింది. దానికి ఎదురు ఉదాహరణ మన నిర్మల్‌లనే ఉన్నది. 1860ల ఇంగ్లీషోళ్ల మీద తిరగబడ్డ రాంజీ గోండును, ఆయన తోటి వెయ్యి మందిని ఉరి తీసిన్రని చెప్పుకునే వెయ్యి ఉరుల మర్రి, ఆ చెట్టు ఇప్పుడు లేదు, స్తూపం ఉన్నది. ఆ మర్రి చుట్టుకొలత ఎంతుండె, ఊడలు ఎన్నుండె అని పిల్లలు అడిగితే చూపెట్టనీకి మన చేతిల ఏం లేదు. నాయకులు నాటినయి అంటే ఢిల్లీ రాజ్‌ఘాట్‌ల విదేశాల నుంచి వచ్చిన పెద్దోళ్లు నాటిన చెట్లు వరసగ ఉంటయ్, ఒబామా 2015 జనవరి 25న నాటిన రావి మొక్క కూడ అక్కడిదే. అక్కడ ఏ చెట్టు ఎవలది అన్నది లొల్లి ఉండదు, ఎందుకంటే నాటిన రోజే రాసి పెట్టిన్రు.

ముందు కొలవండి, కథ తర్వాత

కథ అడగబోతే రోజంత ముచ్చట్లే అయితయ్, అందుకే ముందు టేపు పట్టుకొని పోవాలె. టైలర్ టేపు పనికిరాదు, అది 150 సెంటీమీటర్లకే అయిపోతది, మా చింతచెట్టు నడుముకు సగం కూడ రాలేదు. సుతిలి తాడు చుట్టి, కలిసిన కాడ పెన్నుతోని మార్క్ పెట్టి, ఆ తాడును మేస్త్రీల స్టీల్ టేపు మీద కొలిస్తే సరిపోతది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తు కాడ, అంటే నాలుగున్నర ఫీట్ల కాడ చుట్టాలె, ఫారెస్టోళ్లు కొలిచేది అక్కడనే, అందరు ఒక్క కాడనే కొలిస్తేనే రేపు పోల్చుకోవచ్చు. నేల ఏటవాలు ఉంటే ఎగువ దిక్కు నుంచి లెక్క. ఆ ఎత్తు లోపలనే చెట్టు రెండుగ చీలితే చీలిక కింద సన్నగ ఉన్న కాడ కొలిచి, ఎంత ఎత్తుల కొలిచిన్రో పక్కన రాయండి. మర్రికి మాత్రం అసలు మొదలు ఒక్కటే కొలవాలె, నేలకు దిగిన ఊడలను వేరుగ లెక్కపెట్టాలె, అన్నీ కలిపి తాడు చుట్టి 15 మీటర్లు అని రాస్తే ఎవలు నమ్మరు.

ఎత్తుకు నిచ్చెన అక్కర్లేదు. పొద్దున ఎండల నేల పైకి ఒక మీటరు వచ్చేటట్టు కట్టె నిలువుగ పాతండి, దాని నీడ 80 సెంటీమీటర్లు వచ్చింది అనుకోండి, అదే టైముల చెట్టు నీడ 12 మీటర్లు ఉంటే చెట్టు ఎత్తు 12ను 0.8తోని భాగిస్తే 15 మీటర్లు. నీడ కింద చదును జాగ ఉండాలె, గోడల మీద పడ్డ నీడతోని లెక్క తప్పుతది.

ఫోన్ల మ్యాప్ ఓపెన్ చేసి చెట్టు మొదలు కాడ వేలు నొక్కి పట్టుకుంటే రెండు నంబర్లు వస్తయ్, అవి చుక్క తర్వాత ఐదు అంకెల దాక రాసుకోండి, ఐదో అంకె అంటే ఇంచుమించు ఒక మీటరు తేడా. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక మనిషిని నిలబెట్టండి, ఎక్కడ నిలబడి తీసిన్రో ఆ జాగ కూడ రాయండి (మేము పాత జెండా గద్దె మూల నుంచి తీస్తం), వచ్చే ఏడు అక్కడికెళ్లే తీయాలె.

జాతి గుర్తుపట్టుడుల తొందర పడొద్దు. మా బోర్డు పరువు పోయింది ఇక్కడనే గదా. నిద్రగన్నేరు, దిరిసెన రెండు దూరం నుంచి ఒక్క తీరే కనపడతయ్. దిరిసెన మన దేశపు చెట్టే, దాని కాయ పల్చగ, గడ్డి రంగుల, ఎండినంక గాలికి గలగల సప్పుడు చేస్తది, పువ్వు తెలుపు పచ్చ కలిసి ఉంటది. నిద్రగన్నేరు కాయ నల్లగ మందంగ ఉంటది, ఇరిస్తే లోపల జిగట, పువ్వు గులాబి రంగు. ఒక్క కాయ ఏరుకుంటే తేలిపోయే సంగతి, మేము రిబ్బన్ కట్ చేసేదాక కింద చూడలేదు. డౌటు ఉంటే ఆకు, పువ్వు, కాయ మూడు పేపర్ల మడిచి దగ్గర్ల డిగ్రీ కాలేజీ బాటనీ వాళ్లకు చూపెట్టండి, సంతోషంగ చెప్తరు, వాళ్లను ఎవలు అడుగుతలేరు పాపం.

వయసు సంగతి

అందరు అడిగేది ఇదే, ఎక్కువ అబద్ధాలు ఉండేది కూడ దీంట్లనే. చెట్టు లోపల ఉంగరాలు లెక్కపెట్టొచ్చు గదా అంటరు, టేకుకు ఆ ఉంగరాలు మంచిగ కనపడతయ్, కాని మన దిక్కు చింత, మర్రి, రావి లాంటి వాటికి ఏడాదికి ఒక్కటి లెక్క తేటగ పడవు. పైగ బతికున్న చెట్టును కోసి చూస్తమా ఏంది.

మొదటి చెక్ ఏందంటే ఆ జాతి మన దేశానికి ఎప్పుడొచ్చింది. గుల్‌మొహర్ మడగాస్కర్‌ది, 19వ శతాబ్దంల బయటికి వచ్చింది, కాబట్టి గుల్‌మొహర్‌కు కాకతీయుల కథ చెప్పితే అక్కడనే ఆపేయాలె. నీలగిరి ఆస్ట్రేలియాది. చింత ఆఫ్రికాది అంటరు గాని అది వచ్చి వేల ఏండ్లయింది, దానికి ఈ చెక్ పనిచేయదు.

రెండోది, నాటిన సంవత్సరం గట్టిగ తెలిసిన అదే జాతి చెట్టును దగ్గర్ల వెతుకుడు. మాకు ఒక బడిల 1983ల నాటిన యాపచెట్టు దొరికింది, హెడ్‌మాస్టర్ రాసిన రికార్డు ఉన్నది, దాని చుట్టుకొలత 164 సెంటీమీటర్లు వచ్చింది, అంటే 41 ఏండ్లకు ఏడాదికి 4 సెంటీమీటర్లు. మా ఆఫీసు యాప 312 సెంటీమీటర్లు. 4తోని భాగిస్తే 78. అట్లని 78 ఏండ్లు అని రాసుడు తప్పే, ఎందుకంటే ముసలి చెట్టు మెల్లగ లావు అయితది, నీళ్లున్న కాడ జల్ది పెరుగుతది, బండరాయి నేలల పెరగదు. మేము "75 నుంచి 100 ఏండ్ల మధ్య ఉండొచ్చు, చుట్టుకొలతను బట్టి అంచనా" అని రాసినం. ఆ "అంచనా" అన్న మాట బోర్డు మీద ఉండాలె. పెద్ద సారుకు నచ్చలేదు, గుండుగ 100 అని రాయమన్నడు, పాత పచ్చ బోర్డు యాది చేసినంక సప్పుడు చేయలేదు.

రుజువు ఎక్కడ దొరుకుతది

ముందు గోడలు చూడండి. సున్నం, పెయింట్ పొరల కింద శిలాఫలకాలు ఉంటయ్, తడి గుడ్డతోని మెల్లగ తుడిస్తే అక్షరాలు వస్తయ్, గీకొద్దు. నిజాం కాలం కాయితాల మీద, రాళ్ల మీద ఫస్లీ సంవత్సరాలు ఉంటయ్, దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తది, ఫస్లీ అక్టోబర్‌ల మొదలయ్యేది కాబట్టి 1318 ఫస్లీ అంటే 1908-09. ఉర్దూల ఉంటే పాత బస్తీల చదివేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు, ఒక చాయ్ ఖర్చు.

తర్వాత విజిటర్స్ బుక్, పాత గ్రూప్ ఫోటోలు, రోడ్లు భవనాల శాఖ ఎస్టిమేట్ ఫైళ్లు. గ్రూప్ ఫోటో చాలా పవర్‌ఫుల్, రిటైర్మెంట్ ఫంక్షన్ ఫోటోల ఎనుక చెట్టు ఉంటది, ఫోటో కింద తారీఖు ఉంటది, ఇంకేం కావాలె. మా యాపచెట్టు 1961 ఫోటోల ఒక మనిషి తొడంత లావుల కనపడ్డది, మా అంచనా సరిగ్గనే ఉన్నదని అప్పుడు ధైర్యం వచ్చింది. వేరే ఆఫీసుల కాయితాలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద అప్లికేషన్ పెట్టండి, ఊరి స్థాయిల ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, 30 రోజులల్ల జవాబు రావాలె. "చెట్టు గురించి సమాచారం" అని అడిగితే "లేదు" అని వస్తది, ఫలానా సంవత్సరం వనమహోత్సవం ఖర్చు రిజిస్టరు, మొక్కలు ఇచ్చిన నర్సరీ వివరం అని పేరు పెట్టి అడగాలె. వనమహోత్సవం 1950ల అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిండు కాబట్టి ఆ తర్వాత జులై నెలల ఫైళ్లల్ల మొక్కల ముచ్చట దొరికే ఛాన్స్ ఎక్కువ, మన హరితహారం 2015 జులై 3న మొదలైంది, వాటి లెక్కలైతే ఇంకా సులువు.

మనుషుల మాట వినేటప్పుడు ఒక జాగ్రత్త. వరంగల్‌ల పాత చెట్టు ఏది చూపెట్టినా "నెహ్రూ నాటిండు" అనేటోళ్లు ఒకరు ఉంటరు. నెహ్రూ 1959 అక్టోబర్ 10న ఇక్కడ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీకి, అంటే ఇప్పటి ఎన్ఐటీకి పునాది రాయి వేసిండు, అది నిజం. వచ్చిండు కాబట్టి జిల్లాల ఉన్న చెట్లన్నీ ఆయనే నాటిండు అంటే ఆ ఒక్క రోజు సరిపోదు. అట్లని పెద్దమనుషుల మాట కొట్టిపారేయొద్దు, "చెప్పుకుంటరు" అని వేరుగ రాయండి, ఎవలు చెప్పిన్రు, వాళ్లు ఏ సంవత్సరం సంది ఏ సంవత్సరం దాక అక్కడ పనిచేసిన్రు అన్నది రిజిస్టర్ల ఉండాలె.

మాకు దొరికిన అసలు రుజువు మాత్రం కాయితం గాదు. ఆఫీసు ఎనుక ఉన్న చింతచెట్టు మొదట్ల, నడుము ఎత్తు కాడ ఒక ఇనుప రింగు ఉన్నది. ఇన్నేండ్లు దాన్ని ఎవలు పట్టించుకోలేదు, దాని మీద తడిగుడ్డలు ఆరేసేటోళ్లు. రిటైర్ అయిన మాలి తాతను పిలిపిస్తే ఆయన ముందుగాల వచ్చి దాని మీదనే చెయ్యి పెట్టిండు. "ఇది గుర్రాలు కట్టేసే కడియం బిడ్డా, నేను కొలువుల చేరిన్నాడు పిడికిలి దూరేది" అన్నడు. ఇప్పుడు చూస్తే చెట్టు బెరడు పెదవుల లెక్క దాన్ని మింగుతున్నది, సగం కంటే ఎక్కువ లోపలికి పోయింది, బయట ఉన్న ముక్క నున్నగ అరిగి ఉన్నది. ఆ కడియం కొట్టిన్నాడే ఆ చెట్టు గుర్రాన్ని ఆపేంత లావు ఉండాలె గదా. తాత చెప్పింది సెల్‌ఫోన్ల రికార్డ్ చేసినం, ఏడు నిమిషాలు. ఆయన ఆ తర్వాత ఎండకాలం పోయిండు.

బోర్డు మీద ఏం రాయాలె

తక్కువ రాయాలె. మా చింతచెట్టుది ఇట్ల ఉన్నది:

"చింత. శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా. చుట్టుకొలత 4 మీటర్ల 26 సెంటీమీటర్లు, కొలిచింది 2024 జులై. ఈ బిల్డింగు కంటే ముందు నుంచి ఉన్నది. మొదట్ల ఉన్న ఇనుప కడియం గుర్రాలు కట్టేసినది అని పాత ఉద్యోగులు చెప్పిన్రు. దయచేసి మేకులు కొట్టొద్దు."

చుట్టుకొలత పక్కన తారీఖు లేకుంటే ఆ నంబరు వేస్టు. "మహావృక్షం", "పవిత్రమైన", "అద్భుతమైన" ఇవన్నీ తీసేయండి, కడియం చూస్తే మనిషికి తెల్వదా.

బోర్డును చెట్టుకు కొట్టొద్దు, ఇది నేను మళ్ల మళ్ల చెప్తా. మేకు కొట్టిన కాడ బెరడు చీలి పురుగు, బూజు లోపలికి పోతది, వైరు చుట్టి కడితే చెట్టు లావు అయినాకొద్దీ అది ఉరితాడు లెక్క బిగుసుకుంటది. పక్కన వేరుగ చిన్న స్తంభం పాతి దానికి పెట్టండి, అది కూడ మొదలుకు రెండు మీటర్లన్న దూరం, గుంత తవ్వేటప్పుడు లావు వేరు తగిలితే జాగ మార్చండి. ఫ్లెక్సీ ఒక్క ఎండకాలం రాదు. రేకు మీద పెయింట్ మూడు నాలుగేండ్లు. కరీంనగర్ గ్రానైట్ మనకు దగ్గర్లనే దొరుకుతది, చెక్కిన ముక్క పెడితే ఎండకు వానకు ఏం గాదు, కాని రాతి మీద తప్పు చెక్కితే స్క్రూ ఇప్పి బీరువా ఎనుక పెట్టనీకి రాదు, కాబట్టి ముందు ఆరు నెలలు రేకు బోర్డు పెట్టి, తప్పులు చెప్పేటోళ్లను చెప్పనిచ్చి, ఆ తర్వాతనే రాయికి పోండి.

చెట్టును బతికించుకునుడు

బోర్డు పెట్టినంక చెట్టుకు ప్రమాదం పెరుగుతది, ఇది విచిత్రం గాని నిజం. అందరికీ దాని మీద ప్రేమ వచ్చి చుట్టూ గద్దె కడదాం, టైల్స్ వేద్దాం అంటరు. ఒక ఆఫీసుల మంచిగున్న యాప చుట్టూ మొదలు దాక సిమెంటు ఇటుకలు పరిచిన్రు, గద్దె కట్టి మొరం రెండు ఫీట్లు నింపిన్రు, నాలుగేండ్లల్ల పై నుంచి ఎండుకుంట వచ్చింది. నీళ్లు పీల్చే సన్న వేర్లు పైపై మట్టిలనే ఎక్కువ ఉంటయ్, వాటికి గాలి కూడ కావాలె, మొదలు చుట్టూ మట్టి పోస్తే ఆ బెరడు మురుగుతది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013ల ఢిల్లీ చెట్ల కేసుల మొదలు చుట్టూ మీటరు దాక కాంక్రీటు తీసేయమన్నది, ఇంజినీర్‌తోని మాట్లాడేటప్పుడు ఆ ముచ్చట చెప్పండి, పనిచేస్తది. నన్నడిగితే మీటరు కూడ తక్కువే, చెట్టు అడ్డం కొలత ఎన్ని అంగుళాలు ఉంటే చుట్టూ అన్ని ఫీట్లు వదిలేయాలె అనేది మంచి లెక్క. నీళ్లు పోస్తే మొదట్ల గాదు, కొమ్మల అంచు కింద పోయండి.

తొర్ర ఉన్న చెట్టు చచ్చిన చెట్టు గాదు. చెట్టుకు పానం బెరడు కిందనే ఉంటది, నడుమ బోలుగ ఉన్నా ఏండ్లకేండ్లు బతుకుతది. తొర్రల సిమెంటు నింపుడు పాత కాలం పద్ధతి, తడి లోపలనే ఆగి ఇంకా మురుగుతది, వదిలేయండి. దసరానాడు మనం వెతుక్కునే పాలపిట్ట గుడ్లు పెట్టేది అసొంటి తొర్రలనే. చెదలు పట్టినయా అని మాత్రం ఏడాదికి రెండుసార్లు చూడాలె. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ ఇరిగితే 2018ల కొమ్మలకు సెలైన్ బాటిళ్లు కట్టి చుక్క చుక్క మందు ఎక్కించిన్రు, ఊడలకు పైపులు పెట్టిన్రు, బరువు కొమ్మలకు కింద నుంచి దిమ్మెలు కట్టిన్రు. అంత దాక తెచ్చుకోవద్దు.

యాపల సంగతి ఇంకోటి. కొన్నేండ్ల సంది మన రాష్ట్రంల యాపచెట్లు కొసల నుంచి గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నయ్, అది ఫోమోప్సిస్ అనే బూజు తెగులు, తేయాకు దోమ అనే పురుగు తోడైతది. చూసినోళ్లు చచ్చిపోయిందనుకొని కొట్టేయమంటరు. చాలా చెట్లు ఎండకాలం మళ్ల చిగురు పెట్టినయ్. కనీసం ఒక్క ఏడాది ఆగండి.

కొమ్మ కొట్టాల్సి వస్తే గొడ్డలి వద్దు, రంపం. ముందు మొదలుకు ఒక ఫీటు దూరంల కింది దిక్కు నుంచి మూడో వంతు కోయాలె, తర్వాత దానికి కొంచెం అవతల పై నుంచి కోస్తే బరువంత పడిపోతది, చివరికి మిగిలిన మోడును కొమ్మ మొదట్ల ఉబ్బుగ కనపడే మెడ బయటికి కోయాలె. మెడ తెగితే గాయం మానదు. ఒక్క దెబ్బకు పై నుంచి కోస్తే కొమ్మ పడేటప్పుడు బెరడును కింది దాక చీరుకుంట పోతది.

చెట్టే కొట్టాలన్న మాట వస్తే 2002 వాల్టా చట్టం (నీళ్లు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం ఫారెస్టు పర్మిషన్ కావాలె, సర్కారు ఆఫీసైనా సరే, నోటి మాట నడవదు. మీ రిజిస్టరు కాపీ అప్పుడు పనికొస్తది. ఇంకో కాపీ మీ మున్సిపాలిటీ లేదా పంచాయతీల ఉండే జీవవైవిధ్య కమిటీకి ఇచ్చి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ల చెట్టును ఎక్కియ్యమని రాతపూర్వకంగ అడగండి. చాలా కాడ ఆ కమిటీ ఉన్నట్టు దాంట్ల ఉన్నోళ్లకే తెల్వదు, అయినా ఇన్వర్డ్ నంబర్ వేయించుకొని రండి. మహారాష్ట్రల 2021ల చట్టం మార్చి 50 ఏండ్లు దాటిన పట్నపు చెట్లను వారసత్వ చెట్లు అన్నరు, మనకు అసొంటిది వస్తే ముందుగాల అడిగేది ఈ కాయితమే.

గాలివానకు పడిపోయినా వెంటనే కట్టె లెక్క చూడొద్దు. సిరిసిల్ల జిల్లా సుద్దాలల కూలిన 70 ఏండ్ల మర్రిని 2022ల క్రేన్లతోని ఎత్తి జిల్లెల్ల అడవిల తిరిగి నాటిన్రు. అంత ఖర్చు అందరితోని కాదు, కాని మర్రికి, రావికి కొమ్మ నాటితే బతుకుతది, చింతకు గింజ ఉన్నది. బుద్ధగయ బోధి వృక్షం 1876ల కూలితే దాని పిల్లనే అదే జాగల పెట్టిన్రు. పాత చెట్టు బతికున్నప్పుడే రెండు పిల్లలను తయారు చేసి పెట్టుకొనుడు తెలివైన పని, మేము చింతకు మూడు పెంచుతున్నం.

కొత్తగ ఎవలతోనన్న నాటించేటప్పుడు

సార్లు వస్తున్నరంటే ముందు రోజు సాయంత్రం గుంత తవ్వుతరు, కరెంటు వైర్ల కిందనే తవ్వుతరు, ఎందుకంటే ఫోటోకు ఎనుక బిల్డింగు రావాలె. ఆ జాగ ముందే మీరు డిసైడ్ చేసి పెట్టండి. మర్రి, రావి అయితే బిల్డింగుకు, నీళ్ల పైపులకు కనీసం 10-12 మీటర్ల దూరం. మృగశిర దాటి వానలు పడ్డంక అయితే మంచిది, మార్చిల వచ్చే వీఐపీకి పూలబొకే ఇచ్చి జులైల మొక్క పంపమని చెప్పలేము గాని, అట్ల నాటితే నీళ్ల డ్యూటీ ఎవలదో ఆ రోజే రాసి పెట్టుకోవాలె. కవరు ఇప్పంగనే వేర్లు గుండ్రంగ చుట్టుకొని ఉంటే ఆ మొక్క వాపస్ ఇచ్చేయండి, పదేండ్లకు అవే వేర్లు దాని మెడ బిగిస్తయ్. జాతి అడిగితే నేను జమ్మి చెప్తా, మన రాష్ట్ర వృక్షం, మెల్లగ పెరుగుతది గాని ఎండను తట్టుకుంటది, దసరాకు బంగారం బయట కొనుక్కునే పని ఉండదు.

ఒక ఉపాయం చెప్తా, ఎవలు బయటికి చెప్పరు. అదే నర్సరీల అదే సైజు మొక్కను ఇంకోటి తెచ్చి ఎనుక పెంచుకోవాలె. వీఐపీ నాటింది చచ్చిపోతే దాన్ని పెట్టొచ్చు. కాని రిజిస్టర్ల "ఫలానా తారీఖున మొక్క మార్చినం" అని రాయాలె. రాయకపోతే 50 ఏండ్లకు మన లెక్కనే ఇంకొకడు బోర్డు ముంగట తల గోక్కుంటడు.

మొక్క చుట్టూ పెట్టిన ట్రీ గార్డును చెట్టు లావై తాకక ముందే తీసేయండి, చాలా మంది మర్చిపోతరు.

రిజిస్టరు ఎక్కడ పెట్టాలె అంటే, పెద్ద సారు టేబుల్ మీద గాదు, సార్లు బదిలీ అయితరు. చార్జ్ లిస్టుల కంప్యూటర్లు, బీరువాలు రాసిన కాడనే "చెట్ల రిజిస్టరు, 1" అని ఎక్కియ్యండి, అప్పుడు ఎవలు వచ్చినా లెక్క అప్పజెప్పి సంతకం పెట్టాలె. మేము ఏడాదికోసారి జులై మొదటి వారంల కొలుస్తం, ఇద్దరు మనుషులు, ఒక సుతిలి, అరపూట పని. మొన్న కొలిచినప్పుడు చింత 4 మీటర్ల 28 వచ్చింది. మొదటిసారి కొలిచిన్నాడు కడియంల నాయి రెండు వేళ్లు దూరినయ్, ఈసారి ఒక్కటే దూరింది, అది కూడ రిమార్క్స్ కాలమ్‌ల రాసిన.